రెండు చుక్కల చొక్కా

నా మొగుడు పుల్లయ్యకు చెడ్డ అలవాట్లు లేవు. తాగడు, పేకాడడు, పరాయి ఆడదాని వంక కన్నెత్తి చూడడు. ఈ మాట చెప్పే మా అమ్మ నన్ను అతనికి కట్టబెట్టింది. అతనికి రెండు మంచి అలవాట్లున్నాయని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ మంచి అలవాట్లే కువైట్‌లో మా ముగ్గురి ప్రాణాల మీదికి తెచ్చాయి. ముగ్గురని ఎందుకంటున్నానంటే అప్పటికి నాకు ఏడో నెల.

మాది పుల్లంపేట దగ్గర పల్లె. తరతరాల నుంచి చాకలి పని. పుల్లయ్య వాళ్ల ఇంట్లో రెండు కట్టుబాట్లు. ఒకటి, ఊరివాళ్ల గుడ్డ ఇంట్లో ఉండగా పొలిమేర దాటకూడదు. పెళ్లయినా చావయినా ముందు మూట ఖాళీ కావాలి. రెండోది, ఊరివాళ్ల గుడ్డ మనం కట్టకూడదు. చాకలివాళ్లు ఊరివాళ్ల చీరలు కట్టుకుని పెళ్లిళ్లకు పోతారని లోకమంతా ఎగతాళి చేస్తుంది కదా, ఆ మాట తమ ఇంటి మీద పడకూడదని వాళ్ల ముత్తాత గంగమ్మ ముందు ఒట్టు వేశాడట. మా మామ సొంత చెల్లెలి పెళ్లికి బయలుదేరి, దారిలో తన భుజం మీద ఎవరిదో తువ్వాలు కనబడిందని మూడు మైళ్లు వెనక్కి నడిచిపోయాడు. తిరిగి వచ్చేసరికి తాళి కట్టడం అయిపోయింది, భోజనాలు కూడా అయిపోయాయి. ఈ సంగతి మా అత్త ఏడుస్తూ చెప్పేది. పుల్లయ్య గర్వంగా చెప్తాడు.

కువైట్‌కు ముందు వచ్చింది నేను. జాబ్రియాలో ఒక పెద్ద ఇంట్లో పనికి చేరాను. ఆ ఇంటి ఇల్లాలిని ఊరంతా ఉమ్ ఫహద్ అనేది, అంటే ఫహద్ తల్లి అని. నాకైతే మామా, అక్కడ పనివాళ్లు ఇంటి యజమానురాలిని అలాగే పిలుస్తారు. ఒక్కడే కొడుకు ఫహద్, నేను చేరినప్పుడు వాడికి పదహారేళ్లు. బడి నుంచి రాగానే వంటింట్లోకి దూరి, నా కోసం చేసుకున్న కారం దోసె లాక్కుని తిని, కళ్ల నీళ్లు పెట్టుకుని, మళ్లీ ఇంకొకటి అడిగేవాడు.

ఒకరోజు నేను ఇంటాయన తలగుడ్డ ఇస్త్రీ చేస్తుంటే మామా చూసి, ఈ మడత నీకెవరు నేర్పారని అడిగింది. ఇది మా ఇంటి పనే, నాకంటే నా మొగుడు బాగా చేస్తాడని అన్నాను. ఏ ఘడియలో అన్నానో గాని ఆరు నెలలు తిరగకముందే పుల్లయ్యకు వీసా వచ్చింది. ఖైతాన్‌లో చిన్న షాపు, పైన అరబ్బీలో మస్బగా, అంటే లాండ్రీ, అని బోర్డు. ఇంటాయనే మా కఫీల్, అంటే మా వీసాలకు పూచీదారు. లైసెన్సు ఆయన పేరు మీద, చాకిరీ మా పేరు మీద. మామా ఇంటి పని మానేసి నేను కూడా షాపులోనే ఉండిపోయాను. వెనక గదిలో కాపురం.

ఖైతాన్‌లో మిగతా లాండ్రీలవాళ్లు గుడ్డకు చీటీ కుట్టేవాళ్లు. పుల్లయ్యకు చీటీ అంటే అసహ్యం. ఊరి నుంచి తెచ్చిన నల్లజీడి గింజలకు సూది గుచ్చి, ఆ పాలతో కాలరు లోపల గుర్తు పెట్టేవాడు. గుడ్డ చిరిగి పేలికలైనా ఆ గుర్తు పోదు. చదువు రాదు కాబట్టి మనిషిని చూసి గుర్తు. ఈజిప్టు పంతులుకు అద్దాలు, అంటే రెండు సున్నాలు. కుంటుకుంటూ నడిచే రొట్టెల కొట్టాయనకు ఒక నిలువు గీత, ఒక వాలు గీత. జాబ్రియా ఇంటికి అడ్డగీత, దాని కింద తండ్రికి ఒక చుక్క, కొడుక్కి రెండు చుక్కలు.

తొంభైలో ఆగస్టు రెండో తేదీ గురువారం. తెల్లవారి షట్టరు ఎత్తేసరికి రోడ్డు మీద ఇరాక్ ట్యాంకులు పోతున్నాయి. పుల్లయ్య వాటిని కాసేపు చూసి, దుమ్ము లేస్తోందని షట్టరు సగం దించి, లోపలికి వచ్చి తడిగుడ్డలు ఆరేశాడు. మధ్యాహ్నం మామా ఫోను చేసింది. ఫహద్ ఆ సంవత్సరమే సైన్యంలో ఆఫీసరయ్యాడు. ఆ తెల్లవారుజామునే బారకాసుల్లో పట్టుకుని, లారీలో ఎక్కించి ఎటో తీసుకుపోయారట. ఇంటాయన మోకాలి ఆపరేషన్‌కు లండన్ పోయి అక్కడే చిక్కుకుపోయాడు. చుట్టాలు సౌదీకి పారిపోదాం రమ్మంటే, కొడుకు వస్తే తలుపు తీసేదెవరని మామా కదల్లేదు.

మా షాపు పై వాటాలో రాయచోటి హబీబ్ ఉండేవాడు. అల్ రాయ్‌లో గోడౌన్ పికప్ నడిపే మనిషి, నన్ను అక్కా అంటాడు. సెప్టెంబరులో ఒకరోజు పరుగున మెట్లు దిగి వచ్చి, మన పేర్లు బస్సు జాబితాలో ఎక్కాయని చెప్పాడు. పై శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలకు బస్సు. బస్రా, బాగ్దాద్, అమ్మాన్, అక్కడి నుంచి బొంబాయికి విమానం. మళ్లీ బస్సు ఎప్పుడో దేవుడికే తెలుసన్నాడు.

పెళ్లయిన తొమ్మిదేళ్లకు నా కడుపు పండింది. ఎనిమిదో నెల పడితే ఆ ఎడారి దారిలో నన్నెవరూ బస్సెక్కించుకోరు. ఇక్కడే ఉందామంటే ఆసుపత్రిలో నర్సులు సగం మంది వెళ్లిపోయారు. అందుకే ఆ బస్సంటే నాకు ప్రాణం. హబీబ్ మాట పూర్తి కాకముందే సూట్‌కేసు దించాను.

పుల్లయ్య ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి అలమారాల వంక చూశాడు.

“బట్టలుండాయి గదమ్మే,” అన్నాడు.

“ఎవురి బట్టలయ్యా? మనుషులే దేశం ఇడిసి పోతాంటే బట్టలెవురికిస్తావు?”

“ఉన్నోళ్లకు ఇస్తా. ల్యానోళ్లవి వాకిట్లో తగిలిస్తా. మూట ఇంట్లో పెట్టుకుని నేను పొలిమేర దాటను.”

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టుంది ఈయన వ్యవహారం. తిట్టాను, ఏడ్చాను, అన్నం వండనన్నాను. వండకపోతే నిన్నటి రొట్టె తిన్నాడు. ఇక లాభం లేదని నేనే కొంగు బిగించాను. రెండు వందల పైచిలుకు గుడ్డలు. పొద్దుటి నుంచి మూటలు కట్టడం, హబీబ్ పికప్‌లో వేసుకుని ఇంటింటికీ తిరగడం. ఈజిప్టు పంతులు తన ప్యాంట్లు చూసి, ఇంత గోలలో ఇవి తెచ్చారా అని బిత్తరపోయాడు. వెళ్లిపోయిన వాళ్లవి తలుపు గొళ్లేనికి తగిలించాం. తగిలించిన ప్రతిసారీ పుల్లయ్య తలుపు కొట్టి, గుడ్డలొచ్చాయని ఖాళీ ఇంటికి చెప్పి వచ్చేవాడు.

ఒకనాడు ఒక్కడే నడుచుకుంటూ వెనక వీధిలో ఒక కువైటీ ఇంటికి రెండు దిష్‌దాషాలు, అదే అక్కడి మగవాళ్ల పొడుగు తెల్ల అంగీలు, ఇవ్వడానికి పోయాడు. ఖాళీ మూటతో వస్తాడని నేను ఎదురుచూస్తుంటే చంకలో ఒక మూట పెట్టుకుని వచ్చాడు. ఆ ఇంటివాళ్లు పారిపోతే ఇరాక్ సైనికులు దూరారట. తలుపు తీసినవాడు ఆ ఇంటి యజమాని దిష్‌దాషానే తొడుక్కుని ఉన్నాడట, దాని మీద చారు మరక. పుల్లయ్య మొదట దాని కాలరు తిప్పి తన గుర్తు చూసుకున్నాడు. చేతిలో తుపాకీ ఉన్న మనిషితో, ఇది మాసింది, విప్పి ఇయ్యి, ఉతికిస్తానన్నాడు. వాడు నవ్వి విప్పి ఇచ్చి, నా యూనిఫాం కూడా ఉతుకుతావా అన్నాడట. మర్నాటికి మా వీధి చివరి చెక్‌పోస్టు మొత్తం చొక్కాలు తెచ్చి షాపులో పడేసింది. ఇచ్చి రమ్మని పంపితే ఇరవై తెచ్చుకున్నాడు మహానుభావుడు. ఆ రోజు నేను గోడకేసి తల కొట్టుకోనందుకు ఒకటే కారణం, కడుపుతో ఉన్నాను.

ఎలాగో గురువారం సాయంత్రానికి అన్నీ అయిపోయాయి. మిగిలినవి చెక్‌పోస్టువాళ్ల మూట, ఇంకొక్క చొక్కా. మూట దారిలోనే ఇచ్చేయొచ్చు. చొక్కా అలమారా కింది అరలో, దుప్పటి వెనక ఉంది. కువైట్ సైన్యం ఖాకీ చొక్కా. భుజాల మీద ఇత్తడి చుక్కలు, జేబు మీద పేరు, కాలరు లోపల అడ్డగీత, రెండు చుక్కలు. ఫహద్‌ది.

హబీబ్ దాన్ని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. “పుల్లన్నా, ఇది బండిలో దొరికితే వాళ్లు ఎవురిదని గూడ అడగరు, కాల్చేస్తారు. పొయ్యిలో పెట్టు,” అన్నాడు.

“కాల్చేదానికి ఇది నాదా?” అన్నాడు పుల్లయ్య.

పోనీ ఆ ఇత్తడి చుక్కలన్నా పీకమన్నాను. గుండీ ఊడితే కుట్టి ఇచ్చేది మన పని గాని, ఉన్నది పీకేది మన పని కాదన్నాడు. నిజం చెప్పొద్దూ, కాల్చెయ్యాలని నాకూ ఉంది. అగ్గిపెట్టె చేతిలోకి కూడా తీసుకున్నాను. కాలరులోని ఆ రెండు చుక్కలు చూడగానే కారం దోసె తిని కళ్లు తుడుచుకునే పిల్లవాడు గుర్తొచ్చాడు. అగ్గిపెట్టె పొయ్యి గట్టు మీదే పెట్టేశాను.

శుక్రవారం పొద్దున పదిగంటలకు హబీబ్ బండి తెచ్చాడు. సూట్‌కేసు, మూట ఎక్కించాం. పుల్లయ్య చొక్కాను కాగితంలో చుట్టి, అదేదో పెళ్లి బట్టయినట్టు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. దాన్ని యాడ పెట్టేదని హబీబ్ అడిగాడు. సీటు కింద వెతుకుతారు, సూట్‌కేసు తెరుస్తారు, ఇంజను కూడా చూస్తారు.

వాళ్లు చూడనిది ఒక్కటే, కడుపుతో ఉన్న ఆడదాని బురఖా లోపల. నేను చొక్కా లాక్కుని వెనక గదిలోకి పోయి రవిక మీద తొడుక్కున్నాను. పైన రెండు గుండీలే పడ్డాయి. పొట్ట దగ్గర రెండు కొసలూ పలకరించుకునే స్థితిలో కూడా లేవు. దాని మీద చీర పైట, దాని మీద మామా ఇచ్చిన పాత అబాయా, తలకు గుడ్డ. సెప్టెంబరు ఎండ. నేను బయటికి వచ్చేసరికి పుల్లయ్య ముఖం సున్నం కొట్టినట్టయింది. ముత్తాత ఒట్టు తన కళ్ల ముందే మంటగలిసింది మరి.

“ఊరోళ్ల గుడ్డ కట్టినావే,” అన్నాడు.

“ఇచ్చేదానికే కట్టినా. నడువు.”

చెక్‌పోస్టు దగ్గర బండి ఆగింది. రోజూ ఉండే మీసాల సార్జెంటు మమ్మల్ని చూసి నవ్వాడు. అతని వెనక ఒక కొత్త లెఫ్టినెంటు ఉన్నాడు. ముందు రోజే వచ్చిన మనిషి, మొదటి పని చొక్కాలు మా షాపుకు పంపడమే. కడుపులో నా కంటే ఒక నెల ఎక్కువ ఉన్నట్టుండేవాడు. పుల్లయ్య మూట విప్పి చొక్కాలు ఒక్కొక్కటే ఇస్తుంటే ఆ లెఫ్టినెంటు ఒక కాలరు తిప్పి చూశాడు. తర్వాత ఇంకొకటి. అతని కనుబొమలు దగ్గరికి వచ్చాయి. ప్రతి చొక్కా లోపలా చెరగని నల్ల గుర్తు, ఒక్కొక్కటీ ఒక్కో రకం. ఇది రహస్య లిపి, మన సైనికుల లెక్క శత్రువులకు చేరవేస్తున్నారని అరిచాడు. రెండు తుపాకులు పైకి లేచాయి. హబీబ్ కలమా చదువుకోవడం మొదలుపెట్టాడు. పుల్లయ్యకు మాత్రం కోపం వచ్చింది. అతని గుర్తులను ఎవరూ ఎప్పుడూ తప్పుపట్టలేదు.

పుల్లయ్యకు అరబ్బీ నాలుగు ముక్కలు వస్తాయి. ఆ నాలుగూ పక్కన పెట్టి, సార్జెంటు చొక్కా తీసి, కాలరులో వంకర గీత చూపించి, సార్జెంటు మీసం చూపించాడు. ఇంకొక చొక్కా తీసి రెండు దొప్పల గుర్తు చూపించి, ఒక కుర్ర సైనికుడి చెవులు చూపించాడు. సైనికులు ఒకరి కాలర్లు ఒకరు తిప్పుకుని చూసుకోవడం మొదలుపెట్టారు. పొడుగు ముక్కువాడు తన గుర్తు చూసి ఒప్పుకోనన్నాడు. మిగతావాళ్లు అందరూ ఒప్పుకున్నారు. తుపాకులు దిగాయి. నేను ఊపిరి పీల్చుకున్నానో లేదో, లెఫ్టినెంటు మూటలోంచి తన చొక్కా తీసి కాలరు తిప్పాడు. పెద్ద సున్నా, దాని మధ్యలో ఒక చుక్క.

ఇదేమిటని అడిగాడు. అది బానపొట్ట, మధ్యలోది బొడ్డు. పుల్లయ్య అబద్ధమాడడు. అతని వేలు అప్పుడే లెఫ్టినెంటు నడుం వైపు బయలుదేరింది. నేను ఆ వేలు పట్టుకుని ఆపి, అది నిండు చంద్రుడు సార్, మీ ముఖం అలా ఉందని పెట్టాడు అని అరబ్బీలో అన్నాను. మధ్యలో ఆ చుక్క ఏమిటన్నాడు. చంద్రుడిలో మచ్చ అన్నాను. లెఫ్టినెంటు చొక్కాను మడిచి చంకలో పెట్టుకుని, మీ ఆయన కళ తెలిసినవాడు అన్నాడు.

అప్పటికి నా పని అయిపోయింది. ఎండకు ఆ ఇత్తడి చుక్కలు వేడెక్కి భుజాలు కాలుస్తున్నాయి. చెమట మడమల దాకా కారుతోంది. కళ్లు తిరిగి బండి పట్టుకున్నాను. మీసాల సార్జెంటు చూసి కుర్చీ తెప్పించాడు, నీళ్లు తెప్పించాడు. ఇంత ఎండలో ఆ అబాయా ఎందుకమ్మా, కాస్త వదులు చేసుకో, మేమంతా నీ తమ్ముళ్లమే అన్నాడు. పైట కిందుగా ఫహద్ జేబు మీది పేరు నా గుండె మీద కొట్టుకుంటోంది. సిగ్గు అన్నాను. నా జన్మలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. అతను తల దించుకుని, తన ఊరు నాసిరియాలో పెళ్లానికి కూడా నెలలు నిండుతున్నాయని, చూసి ఐదు నెలలయిందని చెప్పాడు. తన బిస్కెట్ల పొట్లం నా ఒళ్లో పెట్టి బండి వదలమన్నాడు. ఆ బిస్కెట్లు గొంతు దిగుతుంటే నాకు ఏడుపు వచ్చింది.

జాబ్రియా చేరేసరికి పన్నెండున్నర. మామా సగం తలుపు తీసి మమ్మల్ని లోపలికి లాగింది. రెండు నెలల్లో పదేళ్లు మీద పడ్డాయి. నేను నేరుగా స్నానాల గదిలోకి పోయి చొక్కా విప్పి తెచ్చాను. పుల్లయ్య దాన్ని అందుకుని తడిమి చూశాడు. పిండితే చెంబెడు చెమట వచ్చేట్టుంది.

“ఇట్ల ఇయ్యగూడదు. సబ్బు యాడుందో అడుగు,” అన్నాడు.

రెండింటికి బస్సు. నా నోటి నుంచి ఏ మాటలు వచ్చాయో రాయలేను. పుల్లయ్య అవి వింటూనే నిబ్బరంగా చేతులు పైకి మడుచుకుంటున్నాడు. ఈ లోపల మామా వచ్చి చొక్కా అతని చేతిలోంచి తీసుకుని ముఖానికి అదుముకుంది. తర్వాత నా వంక చూసి, ఇది నీ వాసన అంది.

మమ్మల్ని ఫహద్ గదికి తీసుకుపోయి బీరువా తెరిచింది. పద్దెనిమిది దిష్‌దాషాలు. అన్నీ మా షాపులో ఉతికినవే. పుల్లయ్య గంజి, పుల్లయ్య మడత. కొన్ని విప్పి మంచం మీద పరిచి ఉన్నాయి.

“ఒక్కొక్కటీ విప్పి వాసన చూశాను,” అంది మామా. “కాలర్లు, చంకలు, అన్నీ. ఒక్కదాంట్లో కూడా నా కొడుకు లేడు. నువ్వు మరీ బాగా ఉతికావు పుల్లయ్యా.”

నేను ఆ మాట తెలుగులో చెప్పాను. బాగా ఉతికావనే మాట కోసమే బతికే మనిషి నా మొగుడు. ఆ రోజు ఆ మాట విని తల వంచుకున్నాడు.

మామా కత్తెర తెచ్చింది. ఇంటిని అప్పటికే రెండుసార్లు సోదా చేశారు, ఆ చొక్కా దొరికితే ఆమె బతకదు. ఇత్తడి చుక్కలు ఊడదీసి, జేబు మీది పేరు కుట్లు విప్పి, చేతి మీది బిళ్ల కూడా తీసేసి, అన్నింటినీ పప్పు డబ్బాలో అడుగున పూడ్చింది. సొంతదారు చెయ్యే కాబట్టి పుల్లయ్య అడ్డు చెప్పలేదు. ఇప్పుడది వట్టి ఖాకీ చొక్కా, ఏ డ్రైవరయినా వేసుకునేది. దాన్ని మడిచి నా చేతిలో పెట్టి, తీసుకుపో, ఫహద్ వచ్చాక తెచ్చి వాడి చేతికే ఇవ్వు అంది. ఆమె చేతికి తిరిగి ఇచ్చేస్తే ఖలాస్, ఇక వాడు రాడని ఆమెకు భయం. ఎవరి దగ్గరో వాడి గుడ్డ ఒకటి బాకీ ఉంటే వాడు రాక తప్పదని నమ్మకం.

నేను సరేనన్నాను. పుల్లయ్య మెల్లగా గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు.

“అయితే నేను రాను గంగారత్నం,” అన్నాడు. “గుడ్డ మళ్లీ మన చేతికొచ్చె. నువ్వు పో, హబీబు తోడుంటాడు. నేను ఆ పిల్లోడొచ్చిందాక ఉండి, ఇచ్చేసొస్తా.”

పేరు పెట్టి ఎప్పుడూ పిలవడు. పిలిచాడంటే ఇక కదలడని నాకు తెలుసు. టైము ఒంటిగంట దాటింది. కింద హబీబ్ హారను కొడుతున్నాడు. తొమ్మిదేళ్లకు పుట్టబోయే బిడ్డను, ఒక్కదాన్నీ, మూడు దేశాల ఎడారి దాటించాలి. ఈ మనిషి తుపాకుల మధ్య ఒక చొక్కాకు కాపలా కూర్చుంటాడు. నాకు తిట్లు కూడా అయిపోయాయి. మంచం అంచున కూలబడ్డాను. అప్పుడు తట్టింది.

లేచి అబాయా విప్పి, ఆ తడి చొక్కానే అందరి ముందూ మళ్లీ తొడుక్కున్నాను.

“మూటలో గుడ్డ ఉంటే గదా పొలిమేర దాటగూడనిది,” అన్నాను. “యాడుందో చూపీ మూట. ఒంటి మీది గుడ్డ మూటలోది కాదు. మీ నాయన ఊళ్లో ఎవురన్నా తొడుక్కున్న గుడ్డను బాకీ అన్నాడా?”

పుల్లయ్య నోరు తెరిచాడు. “అది ఊరోళ్ల గుడ్డ. మనం కట్టగూడదు.”

ఏమంటున్నాడని మామా అడిగింది. రెండు కట్టుబాట్లూ విడమరిచి చెప్పాను. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుంది. రెండు నెలల తర్వాత మళ్లీ ఆ ఇంటి యజమానురాలు కనబడింది. ఇది షాపులో వేసిన గుడ్డ కాదు, గంగారత్నానికి నేను తొడిగిన గుడ్డ, కట్టుకోమన్నది గుడ్డ సొంతదారు, కఫీల్ పెళ్లాం చెప్పింది కాదంటాడేమో అడుగు, అంది.

పుల్లయ్య పెదవులు కదుపుతూ ఒక కట్టుబాటు అటు పెట్టి, ఒకటి ఇటు పెట్టి తూచుకున్నాడు. చివరికి లేచి నిలబడి దుమ్ము దులుపుకుని, సరే, తిరిగి తెచ్చేటప్పుడు ఉతికి, గంజి పెట్టి తెచ్చిస్తానని మామాతో చెప్పమన్నాడు.

“ఉతకొద్దు,” అంది మామా. “ఎవరిదైనా సరే, మనిషి తొడిగిన చొక్కా ఒకటి ఈ ఇంటికి రావాలి.”

బస్సు బయలుదేరుతుంటే ఎక్కాం. బస్రా, బాగ్దాద్, జోర్డాన్ సరిహద్దులో రువైషిద్ గుడారాలు, అమ్మాన్, బొంబాయి, పదమూడు రోజులు. ఆ చొక్కా ఒంటి మీదే ఉంది. ఇంటికి చేరాక దండెం మీద వేశాను. డిసెంబరులో కడప ఆసుపత్రిలో కూతురు పుట్టింది. పొత్తిగుడ్డలు ఆరని రోజుల్లో దాన్ని ఆ చొక్కాలోనే చుట్టేదాన్ని. పాలు కక్కేది, అంతకంటే ఎక్కువ కూడా చేసేది. పుల్లయ్య అవస్థ పగవాడికి కూడా వద్దు. రోజుకు నాలుగుసార్లు ఆ చొక్కా ముందు నిలబడి, చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుని, ఏటికి పోయి ఉతికిన గుడ్డలే మళ్లీ ఉతుక్కుని వచ్చేవాడు. చుట్టాలు వచ్చి చాకలి ఇంట్లో ఈ కంపు ఏమిటని ముక్కు మూసుకుంటే, పార్టీ ఆర్డరు అని చెప్పేవాడు.

తొంభై ఒకటి అక్టోబరులో మళ్లీ వీసా వచ్చింది. విమానం దిగి నేరుగా జాబ్రియా పోయాం. తలుపు ఫహదే తీశాడు. ఇరాక్ జైలు నుంచి మార్చిలో వదిలారట. మనిషి సగమయ్యాడు, గడ్డం అక్కడక్కడా నెరిసింది, ఇరవై మూడేళ్లకే. నన్ను చూసి, ఏదైనా కారంగా తెచ్చావా అని అడిగాడు. పుల్లయ్య కాగితం పొట్లం రెండు చేతులతో ఇచ్చాడు. ఫహద్ విప్పి ముక్కు మూసుకుని, ఇదేం లాండ్రీ అన్నాడు. పుల్లయ్య జీవితంలో ఆ మాట పడింది ఆ ఒక్కసారే. మామా వచ్చి చొక్కా లాక్కుని, కాలరులో రెండు చుక్కలు చూసుకుని, ముఖానికి అదుముకుని ఒకేసారి నవ్వింది, ఏడ్చింది. మా ఊరి దుమ్ము, నా చెమట, నా కూతురి పాలు, ఏం కనబడిందో ఆమెకు.

షాపు మళ్లీ తెరిచాం. ప్రతి శనివారం జాబ్రియా మూట వస్తుంది. ఫహద్‌వి వారానికి ఏడు దిష్‌దాషాలు రావాలి. మొదటి శనివారం పుల్లయ్య లెక్కపెట్టి, ఆరే ఉన్నాయని హడావిడిగా ఫోను అందుకున్నాడు. అందుకుని, కాసేపు పట్టుకుని, పెట్టేశాడు. ఇప్పటికీ ఆ ఇంటి మూటలో ప్రతి వారం ఒకటి తక్కువే వస్తుంది. పుల్లయ్య ఆరూ ఉతికి, ఆరూ గంజి పెట్టి, ఆరూ ఇచ్చి వస్తాడు. ఏడోది అడగడు.